తల్‌మూరా పందికి ముప్పై ఏళ్ళ గడువు

తల్‌మూరా పురపాలక పర్యావరణ, ఆరోగ్య సంఘము సర్వజనులకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా: వెండెలా, సిగ్‌వార్డ్ అను వధూవరుల వివాహ విందునందు అడవి పంది మాంసము వడ్డించుకొనుటకు అనుమతి మంజూరు చేయడమైనది. సదరు అనుమతి నేటి నుండి ముప్పై సంవత్సరముల పిమ్మట అమలులోకి వచ్చును. వధూవరులకు సంఘము హృదయపూర్వక శుభాకాంక్షలు తెలుపుచున్నది.

వధువుకు డెబ్బై ఒకటి. వరుడికి డెబ్బై ఆరు. ఇందులో వింతేమీ లేదు. ఆ ప్రకటన కింద సంఘ సభ్యుడిగా నా సంతకం కూడా ఉంది. నేను సంతకం పెట్టిన దేనిలోనూ వింత ఉండదని మా ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా బయటి ఊళ్ళవాళ్ళు కొందరు ముసిముసిగా నవ్వుకుంటున్నారని విన్నాను కాబట్టి, ఇంత బాధ్యతాయుతమైన నిర్ణయానికి మేము ఎలా వచ్చామో చెప్పడం నా ధర్మం.

ఎనభై ఆరో సంవత్సరం ఏప్రిల్ చివర్లో పేలిపోయిన చెర్నోబిల్ అణు కేంద్రం నుంచి ఒక మబ్బు బయలుదేరింది. స్వీడన్‌లో ఇన్ని ఊళ్ళుండగా అది వెతుక్కుంటూ వచ్చి మా అడవి మీదనే కురిసింది. పక్క ఊరి మీద చుక్క పడలేదు. వాళ్ళకి ఇప్పటికీ ఆ వెలితి ఉంది, పైకి చెప్పరు. ఆ వానలో వచ్చిన సీసియం అనే రేడియోధార్మిక పదార్థం మా నాచులోకి ఇంకింది, నాచు నుంచి నేలకింద పుట్టగొడుగుల్లోకి చేరింది. ఆ పుట్టగొడుగులంటే అడవి పందులకి ప్రాణం. నేల తవ్వి మరీ తింటాయి. ఆ విధంగా మా పందులు ఈ నలభై ఏళ్ళుగా ఊరి చరిత్రను కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాయి. మా మ్యూజియం కూడా అంత శ్రద్ధ చూపలేదు.

ఇక వధూవరుల సంగతి. వెండెలాకూ సిగ్‌వార్డ్‌కూ మధ్య ఒక కంచె ఉంది. ఆ కంచెకు అటూ ఇటూ పదకొండేళ్ళు కాపురం ఉన్నారు. ఆవిడ భర్త పోయాక వచ్చి చేరింది. ఈయన పెళ్ళే చేసుకోలేదు. పదకొండేళ్ళలో వాళ్ళ మధ్య సంభాషణ అంటే, ఈయన తల ఊపడం, ఆవిడ తల ఊపడం. మా ప్రాంతంలో దీన్ని మంచి స్నేహం అంటారు. కిందటేడు ఆకురాలు కాలంలో ఒక అడవి పంది కంచె దూకి వెండెలా బంగాళాదుంపల చేను మొత్తం దున్నేసింది. సిగ్‌వార్డ్ ఎప్పటిలాగే కంచె అవతల నిలబడి చూస్తున్నాడు.

"ఏం మనిషివయ్యా నువ్వు? నా దుంపలన్నీ పోతుంటే తల ఊపుతావా? ఆ తుపాకీ ఇంట్లో దేనికి, దండేనికి బదులా?" అని వెండెలా అరిచింది.

సిగ్‌వార్డ్ వెళ్ళి తుపాకీ తెచ్చి పందిని కాల్చాడు. పందిని ఇద్దరూ కలిసి ఈడ్చారు. ఈడ్చాక కాఫీ తాగారు. కాఫీ తాగాక ఆయన మాట్లాడాడు. ఒకసారి మొదలుపెట్టాక చీకటి పడేదాకా మాట్లాడాడని, పదకొండేళ్ళ బాకీ ఒక్కరోజులో తీర్చాడని వెండెలా నాకు చెప్పింది. చలికాలం పోయేసరికి, "రెండిళ్ళలో రెండు పొయ్యిలు ఎందుకు వెండెలా, కాఫీ ఒకచోటే కాచుకోవచ్చు కదా," అన్నాడట. మా ప్రాంతంలో ఇంతకంటే ఘాటుగా ప్రేమను ప్రకటించినవాడు ఇంతవరకు లేడు.

అందుచేత ఆ పంది వాళ్ళకి పెళ్ళిళ్ళ పేరయ్య. ఫ్రీజర్‌లో భద్రంగా ఉన్న ఆ పేరయ్యను ఊరందరికీ వడ్డించి పెళ్ళి చేసుకోవాలని వెండెలా పట్టు. "అది రాకపోతే ఈ మనిషి ఇంకా తల ఊపుతూనే ఉండేవాడు. అది లేకుండా పెళ్ళేమిటి?" అంది. ఊరందరూ పట్టేది పురపాలక భవనంలోనే. పురపాలక భవనంలో వడ్డించే ప్రతి ముద్దకూ మా సంఘం అనుమతి కావాలి. మాంసం ముక్క పరీక్షకు వెళ్ళింది. సీసియం పరిమితికి సరిగ్గా రెండింతలు ఉందని జవాబు వచ్చింది. ఆ విధంగా పేరయ్య మా బల్లమీదికి వచ్చాడు.

మా సంఘం పనితీరు గురించి రెండు ముక్కలు చెప్పాలి. మేము ఓట్లు వేయము. ఓటు వేస్తే ఎవరో ఒకరు ఓడిపోతారు, ఓడిపోయినవాడి ముఖం రేపు కిరాణా కొట్లో చూడాలి. కాబట్టి అందరూ ఒకే మాట మీదికి వచ్చేవరకు మాట్లాడుకుంటాం. మధ్యలో కాఫీ విరామం ఉంటుంది. కాఫీతో ఏలకుల కేకు ఉంటుంది. పళ్ళెం ఖాళీ అయితే విరామం ముగిసినట్టు.

ఇక్కడే మా నాగరికత ఉంది. ఈ దేశంలో చివరి ముక్క ఎవరూ తీసుకోరు. తీసుకుంటే వాడు ఆబగాడని, తల్లిదండ్రులు పెంచలేదని అర్థం. కాబట్టి చివరి ముక్క మిగిలాక ఒకరు దాన్ని సగం కోసుకుంటారు. తరువాతివారు మిగిలిన సగంలో సగం. ఆ తరువాతివారు అందులో సగం. గోరంత అయ్యాక కూడా కత్తి తిరుగుతూనే ఉంటుంది. పళ్ళెం మాత్రం ఖాళీ కాదు. ఆ లెక్కన మా సంఘంలో కాఫీ విరామం ముగిసినట్టు పెద్దవాళ్ళెవరికీ గుర్తు లేదు. అయినా పరిపాలన ఆగలేదు. వాయిదా వేయడానికి విరామం అడ్డురాదు.

మొదటి సమావేశానికి సిగ్‌వార్డ్ టై కట్టుకుని, జుట్టుకు నీళ్ళు రాసి దువ్వుకుని వచ్చాడు. వెండెలా చేయి పట్టుకుని కూర్చున్నాడు. సీసియం "అర్ధాయువు" ముప్పై ఏళ్ళని పరీక్షవాళ్ళు రాసి పంపారు. అంటే ఏమిటో అప్పటికి మాలో ఎవరికీ తెలియదు. తెలియకపోవడం వల్ల చర్చ ఉత్సాహంగా సాగింది.

"చాలా తేలిక," అంది గున్‌వోర్. ఈవిడ మా సంఘంలో అందరికంటే సీనియర్, పాతికేళ్ళు బడిపిల్లల భోజనాలు చూసింది. "పందిలో రెండింతలుంది కదా? నడిమికి కోసి రెండు చేస్తే, ఒక్కో సగంలో ఒక్కో ఇంత. పని అయిపోయింది."

ఈ సూచనను అందరం ప్రశంసించాం. పరిమితి కిలోకు ఇంత అని ఉంటుంది, కోస్తే తగ్గదు అని మూల నుంచి ఎవరో అన్నారు. ఆ మాట అన్నవారిని బాధపెట్టకుండా, దాన్నీ ప్రశంసించాం. అతిథులను సగమే పిలవాలని ఒక సూచన వచ్చింది. ఒక్కొక్కరు సగం నమిలి ఆపాలని ఇంకొకటి వచ్చింది. అప్పుడు మా అధ్యక్షుడు తోర్‌స్టెన్ లేచాడు. మా దేశంలో అందరం అందరినీ నువ్వు అనే పిలుచుకుంటాం కాని, తోర్‌స్టెన్ మాట్లాడడానికి లేచినప్పుడు మాత్రం కుర్చీలు సర్దుకుంటాం.

"మిత్రులారా," అన్నాడు తోర్‌స్టెన్, "ముప్పై ఏళ్ళకు సగం పోతుంది. అంటే ఇంకో ముప్పై ఏళ్ళకు మిగతా సగం పోతుంది. చిన్నపిల్లాడికి కూడా తెలిసే లెక్క. ఎనభై ఆరు నుంచి అరవై ఏళ్ళు వేసుకుంటే, రెండు వేల నలభై ఆరుకు మన అడవి కడిగిన ముత్యంలా ఉంటుంది. ఆ శుభ సంవత్సరంలో అడవి రుచుల మహోత్సవం జరుపుదాం. నేను బ్యానరు కూడా ఆర్డరిచ్చేశాను."

చప్పట్లు కొట్టాం. మహోత్సవ ఉపసంఘం ఏర్పడింది. పంది విషయం వాయిదా పడింది.

రెండో సమావేశానికి సిగ్‌వార్డ్ టై లేకుండా వచ్చాడు. ఆ రోజు డెన్మార్క్ పంది మాంసం కొని దీనితో కలిపి సగటు తీయాలన్న ప్రతిపాదన మీద దేశభక్తి దృష్ట్యా వాడివేడి చర్చ జరిగింది. డెన్మార్క్ వాడి పంది మన పందిని శుద్ధి చేయడమా అని గున్‌వోర్ కంటతడి పెట్టుకుంది. నిపుణులను పిలిపించి అర్ధాయువు అంటే ఏమిటో తెలుసుకోవాలని తీర్మానించి, మళ్ళీ వాయిదా వేశాం.

మూడో సమావేశానికి ఆయన దువ్వుకోలేదు కూడా. అడవిలోకి వెళ్ళే బూట్లతోనే వచ్చాడు. తలుపు దగ్గర వెండెలాతో అనడం నేను విన్నాను.

"పోనీలే వెండెలా. పెళ్ళి లేకపోతే మాత్రం ఏమైంది? కాఫీ అయితే తాగుతున్నాం కదా."

నిజం చెప్తున్నాను, ఆవిడ ముఖం చూసి నాకు గుబులు వేసింది. మేము ఒక్కో వాయిదా వేసినప్పుడల్లా ఆ మనిషి ధైర్యం సగానికి తగ్గుతోంది. మొదటిసారి చేయి పట్టుకుని కూర్చున్నవాడు రెండోసారి పక్కన కూర్చున్నాడు, ఇప్పుడు మధ్యలో ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు.

"చూడు సిగ్‌వార్డ్," అంది వెండెలా, గొంతు తగ్గించకుండానే. "నీ నోట్లోంచి మాట రావడానికి పదకొండేళ్ళు పట్టింది. ఇప్పుడు మళ్ళీ మూసుకున్నావంటే తెరిపించే ఓపిక నాకు లేదు. పందులు ఏమన్నా రోజూ వస్తాయనుకున్నావా?"

ఆయన తల ఊపాడు. ఆవిడ తల తిప్పుకుంది. మేము పక్కనే ఉన్నాం కాబట్టి మర్యాదగా వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

ఆ సమావేశానికే నిపుణురాలు ఉప్సాలా విశ్వవిద్యాలయం నుంచి రైల్లో వచ్చింది. పేరు తీరా. వయసు ముప్పై దాటి ఉండదు, మాటల్లో మాత్రం మొహమాటం లేదు. తోర్‌స్టెన్ స్వాగతోపన్యాసం ఇచ్చి, తన అరవై ఏళ్ళ లెక్క చెప్పి, బ్యానరు రంగులు కూడా వివరించాడు.

"అరవై ఏళ్ళకు మొత్తం పోదు," అంది తీరా. "మొదటి ముప్పై ఏళ్ళకు సగం మిగులుతుంది. తరువాతి ముప్పై ఏళ్ళకు ఆ సగంలో సగం. ఆ తరువాత ముప్పైకి అందులో సగం. అలా పోతూ ఉంటుంది."

"సరే, మరి మొత్తం ఎప్పుడు అయిపోతుంది?" అన్నాడు తోర్‌స్టెన్. "మాకు తేదీ కావాలి. బ్యానరు మీద వేయాలి."

తీరా బల్ల వైపు చూసింది. పళ్ళెంలో వేలెడంత ఏలకుల కేకు ఉంది. గున్‌వోర్ అప్పుడే దాన్ని సగం కోసుకుని కత్తి నాకు అందిస్తోంది.

"ఈ కేకు ఎప్పుడు అయిపోతుంది?" అంది తీరా.

నేను నా సగం కోసుకుని కత్తి అక్కడ పెట్టేశాను. ఇంత కఠినమైన విజ్ఞానం ఒక్క క్షణంలో మాకందరికీ బోధపడిపోయింది. అసలు సీసియం మీద మాకు అభిమానం కూడా పుట్టింది. రష్యా వైపు నుంచి వచ్చినా, పద్ధతి మాత్రం మన దేశపు పద్ధతే.

"ఎంత సంస్కారం!" అంది గున్‌వోర్. "పరమాణువులు కూడా ఒకరికోసం ఒకరు ఆగుతాయన్నమాట."

"అది కాదు," అంది తీరా. "అక్కడే తేడా. మీరు పళ్ళెం చూసి, పక్కవాళ్ళని చూసి, సగం లెక్కేసి కోస్తారు. పరమాణువు దేన్నీ చూడదు. పక్కవాణ్ణి అడగదు. దానికి వరస లేదు, వయసు లేదు. నలభై ఏళ్ళుగా కూర్చున్నదైనా, నిన్న పుట్టినదైనా, రేపు పోయే అవకాశం సమానమే. పోవాల్సినప్పుడు ఎవరి అనుమతీ లేకుండా టక్కున పోతుంది. కోట్ల కోట్లు ఉంటాయి కాబట్టి మొత్తం మీద సగం సగం అని మనకి కనిపిస్తుంది, అంతే."

"వయసు లెక్కలేదా?" అంది వెండెలా.

"పరమాణువుకి లేదు."

"మాకుంది," అంది వెండెలా.

తీరా ఈసారి మాతో కాకుండా ఆవిడతో మాట్లాడింది. "ఆ పరిమితి పెట్టింది వారం వారం తినేవాళ్ళ కోసం. పెళ్ళిలో ఒక పూట తింటే ఏమీ కాదు. నేనైతే కడుపునిండా తిని హాయిగా నిద్రపోతాను. పైగా అడవిలో అయితే అది దశాబ్దాలు ఉంటుంది గాని మన ఒంట్లో ఉండదు. మూడు నెలలు పైచిలుకు గడిస్తే సగం బయటికి పోతుంది, ఇంకో మూడు నెలలకి అందులో సగం. సొంత పెరట్లో సొంత పందిని వండి చుట్టాలకి పెట్టుకోవడానికి అసలు ఈ సంఘం అనుమతి దేనికి?"

ఈ చివరి ప్రశ్నకు మేమంతా నివ్వెరపోయాం. అనుమతి ఇచ్చే చోటు ఒకటి ఊళ్ళో ఉన్నాక, అక్కడికి వెళ్ళకుండా కూడా బతకవచ్చని మా ఊళ్ళో ఇంతవరకు ఎవరికీ తోచలేదు. వధూవరులకు కూడా తోచలేదు. తోర్‌స్టెన్ గొంతు సవరించుకుని, ఈ విషయం ఎజెండాలో లేదని, కాఫీ విరామం ఇంకా నడుస్తోందని, విరామం ముగిశాక తీరికగా చర్చించుకుందామని ప్రకటించాడు.

అప్పుడు సిగ్‌వార్డ్ లేచాడు.

బల్ల దగ్గరికి వచ్చాడు. పళ్ళెం వైపు చూశాడు. గోరంత మిగిలిన కేకు ముక్కను చేత్తో తీసుకున్నాడు. కత్తి ముట్టుకోలేదు. మొత్తం నోట్లో వేసుకున్నాడు.

తోర్‌స్టెన్ ఇది ఎజెండాలో ఎక్కడుందో వెతికాడు. మూల ఎవరో "అయ్యో" అన్నారు. సిగ్‌వార్డ్ నమిలాడు, మింగాడు, వేళ్ళు దులుపుకున్నాడు.

"కాస్త ఎండిపోయింది," అన్నాడు. "శనివారం పెళ్ళి. మా గాదె ముందు. పేరయ్య కూడా వస్తాడు. రాదలుచుకున్నవాళ్ళు రండి, చలిగా ఉంటుంది, స్వెటర్లు తెచ్చుకోండి." తరువాత వెండెలా వైపు తిరిగాడు. "పద. ఒకే కప్పు కాఫీకి ఇంతసేపా?"

వెండెలా ఏడ్చింది. నవ్వుతూ ఏడ్చింది. ఇద్దరూ చేతులు పట్టుకుని బయటికి వెళ్ళిపోయారు. మధ్యలో కుర్చీ లేదు.

పళ్ళెం ఖాళీ. నాకు తెలిసి చరిత్రలో మొదటిసారి మా కాఫీ విరామం ముగిసింది. ఇక నిర్ణయం చేయడం తప్ప దారి లేకపోయింది. ఆ పరిస్థితిలో ఏం చేయాలో అనుభవం ఉన్నవాళ్ళెవరూ మాలో లేరు. కొందరు అవును అన్నారు, కొందరు కాదు అన్నారు. రెండింటికీ మధ్య ఉండేది ఏమిటని వెతికాం. రెండింతలు ఉన్నది పరిమితికి దిగడానికి ఒక అర్ధాయువు చాలు. కాబట్టి అనుమతి ఇవ్వవచ్చు, ముప్పై ఏళ్ళ తరువాత. అవును అన్నవాళ్ళూ గెలిచారు, కాదు అన్నవాళ్ళూ గెలిచారు. అందరం సంతకాలు పెట్టాం. మీరు పైన చదివిన ప్రకటన అదే.

శనివారం లోపల సంఘానికి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. రేడియోధార్మికత గురించి ఒక్కటీ లేదు. అన్నీ చివరి ముక్క గురించే. పిల్లల మీద దీని ప్రభావం ఏమిటని తల్లిదండ్రుల సంఘం అడిగింది. ఇది వ్యాపిస్తుందా, వ్యాపిస్తే ఎంత దూరం అని ఒక ఆయన భయపడ్డాడు. ఊళ్ళోని పళ్ళేలన్నీ నిఘాలో పెట్టాలని సూచన వచ్చింది. దర్యాప్తుకు ఒక ఉపసంఘం వేశాం. నేను సభ్యుణ్ణి. పని బాగానే సాగుతోంది. ఇప్పటికి సగం పూర్తయింది. వచ్చే ఏడు మిగిలినదానిలో సగం పూర్తవుతుంది.

పెళ్ళికి సంఘం మొత్తం వెళ్ళాం, వ్యక్తిగత హోదాలో. గాదె ముందు బల్లలు వేశారు. సిగ్‌వార్డ్ టై కట్టుకున్నాడు, జుట్టు దువ్వుకున్నాడు. తోర్‌స్టెన్ అనుమతి పత్రానికి ఫ్రేము కట్టించి కానుకగా ఇచ్చి, "నూట ఒకటో ఏట వధువు ఈ విందును నిశ్చింతగా మళ్ళీ వడ్డించుకోవచ్చునని సంఘం తరఫున హామీ ఇస్తున్నాను," అని గంభీరంగా పలికాడు. వెండెలా దాన్ని రెండు చేతులా అందుకుని వేడి గిన్నె కింద పెట్టుకుంది. ఫ్రేము గట్టిది, బాగా ఆగింది.

పేరయ్య అద్భుతంగా ఉన్నాడు. జునిపర్ కాయల ఘుమఘుమ, పైన లింగన్‌పండ్ల జాము. తోర్‌స్టెన్ మూడుసార్లు వడ్డించుకున్నాడు, మొదటి రెండుసార్లు పరిశీలన నిమిత్తమని చెప్పాడు. ఒకే పూట తింటే ఏమీ కాదని గున్‌వోర్ తీరా కంటే గట్టిగా వాదిస్తూ తిన్నది. పెళ్ళికొడుకు మాట్లాడుతున్నాడు, ఆపకుండా మాట్లాడుతున్నాడు. పెళ్ళికూతురు ఇక చాలు పద అని ఆయన్ని డాన్సుకి లాక్కెళ్ళింది.

ఆ సమయంలో నేను బల్ల మీది పళ్ళెం చూశాను. పేరయ్యది ఒక్క ముక్క మిగిలింది.

అందరూ దాన్ని చూశారు. అందరూ చూడనట్టు మొహాలు పెట్టుకున్నారు. దాన్ని తీసుకోగల మనిషి ఊరంతటిలో ఒక్కడే, వాడు పెళ్ళాంతో నాట్యం చేస్తున్నాడు. గున్‌వోర్ కత్తి తీసుకుని సగం కోసుకుంది. తోర్‌స్టెన్ అందులో సగం కోసుకున్నాడు. కత్తి నా దగ్గరికి వచ్చింది. మొత్తం తీసేసుకుందామనే అనుకున్నాను. ఒట్టు, చేయి కూడా చాపాను. తరువాత ఎదురుగా ఉన్న ముఖాలు చూశాను. కిరాణా కొట్టు గుర్తొచ్చింది. మర్యాదగా సగం కోసుకుని, కత్తి పక్కవాళ్ళకి అందించాను.

ఆ పక్కవాళ్ళు మీరే. ఇందాకటి నుంచీ నవ్వుతున్నారు కదా, నవ్వింది చాలు. కత్తి పట్టుకోండి. పళ్ళెంలో ఇంకా సగం ఉంది.